అంతా స్వామి ఇష్టమే అయితే మరి నా బాధ్యత ఎంత?

మనలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చే సందేహం ఇది: "అన్నీ ఆయనే నడిపిస్తుంటే, నేను చేసినదానికి నేను బాధ్యుణ్ణి ఎలా అవుతాను?" పరీక్ష పోతే గ్రహాలు బాగోలేదంటాం. ఇచ్చిన మాట తప్పితే "ఏం చేస్తాం, రాసిపెట్టి లేదు" అనేస్తాం. ఇది భక్తా, తప్పించుకోవడమా? శ్రీకాకుళ స్వామి సన్నిధిలో మొదలైన ఒక కావ్యం ఆధారంగా ఈ వారం దీని గురించి ఆలోచిద్దాం.

శ్రీకాకుళం అనగానే ఉత్తరాంధ్ర జిల్లా అనుకోకండి. ఇది కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో, కృష్ణమ్మ ఒడ్డున ఉన్న ఊరు. ఇక్కడి స్వామి శ్రీకాకుళేశ్వరుడు, ఆయనే ఆంధ్ర మహావిష్ణువు. 1509 నుంచి 1529 దాకా విజయనగరాన్ని ఏలిన శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రకు వెళుతూ ఇక్కడ ఆగి ఏకాదశి ఉపవాసం ఉన్నాడు. ఆ రాత్రి స్వామి కలలో కనిపించి, తెలుగులో ఒక కావ్యం చెప్పమన్నాడు. ఈ సంగతి రాయలే ఆముక్తమాల్యద మొదట్లో చెప్పుకున్నాడు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. స్వామి ఆజ్ఞ ఇచ్చాడు, అంతే. తెల్లారేసరికి తలగడ పక్కన కావ్యం రాసి పెట్టలేదు! ఆరు ఆశ్వాసాలూ రాయాల్సింది రాయలే. దైవానుగ్రహం మన పనిని మన చేతిలోంచి తీసేసుకోదు. అసలు మన చేతికి పనిని ఇచ్చేదే అది.

ఆ కావ్యం చివరి ఆశ్వాసంలో మాలదాసరి కథ వస్తుంది. సమాజం చివరన నిలబెట్టిన కులంలో పుట్టిన భక్తుడు ఆయన. రోజూ వేకువనే కురుంగుడి గుడికి వెళ్లి స్వామి మీద పాటలు పాడి వస్తాడు. ఒకనాడు చీకట్లోనే బయలుదేరి దారి తప్పి, మర్రిచెట్టు మీదుండే బ్రహ్మరాక్షసుడి చేతికి చిక్కాడు. "నన్ను తిందువుగాని, ముందు వెళ్లి స్వామికి నా పాట వినిపించి వస్తాను" అని బతిమాలాడు. ఎవరు నమ్ముతారు? రాక్షసుడూ నమ్మలేదు. దాసరి ఒట్లు పెట్టుకుని ఎలాగో ఒప్పించి వెళ్లాడు. గుడికి చేరి, తనివితీరా పాడి, తిరిగి అదే చెట్టు దగ్గరికి వచ్చాడు, తన ప్రాణం ఇవ్వడానికి!

ఆయనకి ఎన్ని సాకులున్నాయో చూడండి. ఆ మాట ఇచ్చింది ప్రాణభయంలో. ఇచ్చింది ఒక హంతకుడికి. అడవిలో సాక్షి లేడు. పైగా, "స్వామే నన్ను కాపాడాడు" అనుకుని ఇంటికి పోతే కాదనేవాడెవడు? మనమైతే అక్కడికక్కడే కొబ్బరికాయ కొట్టేవాళ్లం. దాసరి మాత్రం భక్తిని సెలవు చీటీలా వాడుకోలేదు. పాట స్వామిది, మాట తనది. రెండూ నిలబెట్టాడు. ఆ సత్యం చూసి రాక్షసుడే మారిపోయాడు. నీ పాట ఫలం కొంచెం ఇవ్వమని కాళ్లావేళ్లా పడ్డాడు. దాసరి దయతలిచాడు, రాక్షసుడికి ఆ రూపం నుంచి విముక్తి కలిగింది.

నాకు అర్థమైనంతలో బాధ్యత అంటే ఇదే: తప్పించుకోవడానికి మంచి సాకు చేతిలో ఉన్నప్పుడు కూడా "ఇది నాది" అనడం. గీత పద్దెనిమిదో అధ్యాయంలో కృష్ణుడు కూడా అంతా చెప్పాక, బాగా ఆలోచించుకుని నీకు తోచినట్టు చెయ్యమని అర్జునుడికే వదిలేశాడు. నిర్ణయాన్ని భగవంతుడే మన చేతిలో పెట్టినప్పుడు, దాన్ని తిరిగి ఆయన మీదకి ఎలా నెడతాం?

అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. అది మర్చిపోతే ఈ పాఠం క్రూరంగా మారిపోతుంది.

శ్రీకాకుళానికి దిగువన, నది పాయల నడుమ దివిసీమ ఉంది. 1977 నవంబర్ 19న ఉప్పెన ఆ సీమను ముంచేసింది. కనీసం పది వేల మంది పోయారు. పసిపిల్లలు, కూలీలు, చేపలు పట్టేవాళ్లు. "వాళ్ల కర్మ" అని ఎవరైనా అంటే, దయచేసి ఒప్పుకోకండి. కర్మ సిద్ధాంతం నా ముఖం నేను చూసుకునే అద్దం. ఎదుటివాడి గాయం మీద కొట్టే కర్ర కాదు. అలాంటి దుఃఖంలో నిలదీయాలనిపిస్తే స్వామినే నిలదీయండి. దివిసీమకే చెందిన కాసుల పురుషోత్తమ కవి ఈ శ్రీకాకుళ స్వామినే నిందాస్తుతితో దులిపేస్తూ ఆంధ్రనాయక శతకం చెప్పాడు. స్వామి ఆ మాటలు పడతాడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి పడలేదు.

మరి ఉప్పెన విషయంలో మనిషి బాధ్యత ఏమీ లేదా? ఉంది. గాలిని ఆపడం మన చేతిలో లేదు. హెచ్చరిక సమయానికి చేర్చడం, తుఫాను షెల్టరు కట్టడం, తీరంలో మడ అడవిని నరక్కుండా ఉంచడం మన చేతిలోనే ఉన్నాయి. ఇవాళ మచిలీపట్నంలో తుఫాన్లను కనిపెట్టే రాడార్ ఉంది. అది చెప్పింది విని కదలాల్సింది మాత్రం మనుషులే. దండం పెట్టుకోవడం, కదలడం, రెండూ కావాలి.

కాబట్టి ఈ ఏకాదశికి ఉపవాసంతో పాటు ఒక చిన్న సాధన చేద్దాం. మీరు మాట ఇచ్చి దాటవేస్తున్న పని ఒక్కటి గుర్తు తెచ్చుకోండి. తీర్చాల్సిన బాకీ కావచ్చు, అమ్మకి చేస్తానన్న ఫోన్ కావచ్చు, ఆఫీసులో పక్కవాడి మీదకి నెట్టిన తప్పు కావచ్చు. దానికి మీ దగ్గరున్న సాకులన్నీ కాగితం మీద రాయండి. అందులో కొన్ని నిజమే అయ్యుండొచ్చు. దాసరి సాకులు కూడా నిజమే కదా! అయినా ఆయన చెట్టు దగ్గరికి నడిచాడు. మన చెట్టు దగ్గర రాక్షసుడు కూడా లేడు, మన కోసం ఎదురుచూసే మనిషే ఉన్నాడు. వెళ్లొద్దాం.

జై ఆంధ్ర మహావిష్ణు! శుభమస్తు.