పని ముక్కలైతే మనసు ఎక్కడ పెట్టాలి?

సాయంత్రం ఇంటికి చేరగానే "ఈ రోజు బ్యాంకులో ఏం చేశారు?" అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. "ఏముంది, మామూలే" అంటాం. చాలా ఇళ్లలో ఆ సంభాషణ అక్కడితో ఆగిపోతుంది. ఆ "మామూలే" వెనక అలసట ఉండవచ్చు. ఒక్కోసారి మాత్రం, రోజంతా కష్టపడినా చెప్పుకోదగ్గ పని ఏదీ చేసినట్టు అనిపించకపోవడమే అసలు కారణం.

ఉద్యోగి మనసు పెట్టి పనిచేస్తే ఉత్పాదకత పెరుగుతుందని శిక్షణ తరగతుల్లో అందరం విన్నదే. మంచి జీతం, మంచి యంత్రాలు, మంచి మనుషులు ఉన్నా పనిమీద మనసు ఎందుకు నిలవదు? ఈ ప్రశ్నకు డెబ్బై ఏళ్ల కిందటే మన దేశంలోని ఒక బట్టల మిల్లులో విలువైన సమాధానం దొరికింది.

అహమ్మదాబాదు మగ్గాల పాఠం

అహమ్మదాబాదులో సారాభాయి కుటుంబం నడిపిన కాలికో మిల్లు పేరు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ సంస్థకు చెందిన జూబిలీ మిల్లులో 1952లో 224 ఆటోమేటిక్ మగ్గాలు పెట్టారు. కండెలో నూలు అయిపోతే మగ్గమే కొత్త కండె తీసుకుంటుంది. పడుగు పోగు తెగితే దానంతట అదే ఆగుతుంది. అయినా ఉత్పత్తి ఆశించినంత పెరగలేదు, గుడ్డలో లోపాలూ తగ్గలేదు.

1953లో లండన్‌లోని టావిస్టాక్ ఇన్‌స్టిట్యూట్ నుంచి ఎ.కె. రైస్ అనే పరిశోధకుడు వచ్చి ఆ షెడ్డును గమనించారు. అక్కడి పనిని 12 రకాలుగా విడగొట్టి ఉంచారు. నేసేవారు వేరు, కండెలు నింపేవారు వేరు, తెగిన పోగులు సరిచేసేవారు వేరు, నూనె వేసేవారు వేరు, ఊడ్చేవారు వేరు. ఒక్కొక్కరు చూసుకోవలసిన మగ్గాల లెక్క కూడా ఒకటి కాదు. ఒక నేతగాడి మగ్గాల్లో కొన్నింటికి ఒకరు కండెలు నింపితే, మిగిలినవాటికి మరొకరు నింపేవారు. అందరూ పనిచేస్తూనే ఉన్నారు కానీ "ఈ మగ్గాలు మనవి" అని చెప్పుకోగల జట్టు ఒక్కటీ లేదు.

రైస్ చేసిన సూచన చాలా సులువైనది. కొన్ని మగ్గాలను ఒక చిన్న జట్టుకు అప్పగించాలి. వాటికి సంబంధించిన పనులన్నీ ఆ జట్టే చూసుకోవాలి. ఈ మాట చెవినపడగానే కార్మికులే ముందుకు వచ్చి, ఎవరితో ఎవరు కలిసి పనిచేయాలో తామే తేల్చుకుని జట్లు కట్టారు. మొదట్లో కొంత ఒడిదుడుకులు ఎదురయ్యాయి. అవి సర్దుకున్నాక ఉత్పత్తి పెరిగింది, గుడ్డలో లోపాలు తగ్గాయి. షెడ్డు అదే, మగ్గాలూ అవే. మొదలు నుంచి చివరి వరకు కనిపించే పని, దాన్ని ఎలా చేయాలో చెప్పే హక్కు మాత్రమే కొత్తగా వచ్చాయి.

ఈ కథకు రెండో భాగం ఉంది. 1970లో ఎరిక్ మిల్లర్ అనే మరో పరిశోధకుడు ఆ మిల్లులను మళ్లీ చూశారు. ఒకచోట జట్టు పద్ధతి దాదాపు అలాగే నిలిచి ఉంది. మిగిలినచోట్ల ఒత్తిడి పెరిగేకొద్దీ పాత పద్ధతి మెల్లగా తిరిగి వచ్చేసింది. ఒకసారి మొదలుపెట్టి వదిలేస్తే ఏ మంచి పద్ధతీ నిలవదన్నమాట.

నా శాఖలో జరిగింది

కొన్నేళ్ల కిందట నేను ఒక పట్టణ శాఖకు మేనేజరుగా వెళ్లాను. సిబ్బందిలో ఉత్సాహం తగ్గిందనిపించి, గోడమీద "ఈ నెల ఉత్తమ ఉద్యోగి" బోర్డు పెట్టించాను. మొదటి నెల చప్పట్లు కొట్టారు. మూడో నెలకు ఫొటో రానివాళ్లు ఆ గోడవైపు చూడటమే మానేశారు. తప్పు నాదేనని తెలియడానికి నాకు కొంత సమయం పట్టింది.

అదే శాఖలో ఒక యువ అధికారిణి రోజంతా కొత్త ఖాతాల ఫారాలు, కేవైసీ పత్రాలు సరిచూసేది. ఒకరోజు బదిలీ దరఖాస్తు తెచ్చి నా బల్లమీద పెట్టింది. కారణం అడిగితే, "సార్, రోజూ ఎన్నో సంతకాలు చూస్తాను. ఆ సంతకం పెట్టిన మనిషిని మాత్రం ఎప్పుడూ చూడలేదు" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

మర్నాడు ముగ్గుర్ని కూర్చోబెట్టి అడిగాను: "ఖాతాదారుడు లోపలికి వచ్చినప్పటి నుంచి పాస్‌బుక్ చేతికి అందేవరకు పని మొత్తం మీ ముగ్గురిదే అయితే ఎలా పంచుకుంటారు?" వాళ్లే ఒక క్రమం రాసుకొచ్చారు. ఒకరు నమోదు చేసినది మరొకరే ఆమోదించాలన్న మేకర్-చెకర్ నియమాన్ని మాత్రం కదపలేదు, కదపకూడదు కూడా. లోపాలతో వెనక్కి తిరిగే ఫారాలు తగ్గాయి. పత్రం తక్కువైతే ఖాతాదారుడు ఎదుట ఉన్నప్పుడే చెప్పేవారు. ఆమె దరఖాస్తును వెనక్కి తీసుకుంది.

మనం చేయగలిగినవి

1. పని చివర ఏమైందో సిబ్బందికి తెలియాలి. రుణ పత్రాలు సరిచూసిన గుమాస్తాకు ఆ రుణంతో తెరుచుకున్న దుకాణం గురించి ఎవరో ఒకరు చెప్పాలి.

2. క్రమం మార్చే ముందు ఆ పని చేసేవారిని అడగాలి. రోజూ క్యూను ఎదుర్కొనేవారికే అది ఎక్కడ ఆగుతోందో బాగా తెలుస్తుంది.

3. ఒకే మనిషిని ఏళ్ల తరబడి ఒకే ముక్కకు కట్టిపడేయకూడదు. విధులు మార్చడం భద్రతకే కాదు, నేర్చుకోవడానికీ మంచిది.

4. మార్పు తెచ్చాక మూడు నెలలకోసారి కూర్చుని చూసుకోవాలి. మార్చి నెలాఖరు ఒత్తిడిలో ముందుగా మరచిపోయేది దాన్నే.

మన ఇళ్లలో కూడా ఒక చిన్న మార్పు చేసుకోవచ్చు. "ఈ రోజు ఏం చేశారు?" అనడానికి బదులు "ఈ రోజు ఎవరి పని పూర్తయింది?" అని అడిగి చూడండి. పింఛను అందిన తాతగారో, ఫీజు కట్టగలిగిన విద్యార్థో గుర్తుకు రావచ్చు. ఎవరూ గుర్తుకు రాకపోతే, ఆ సంగతి మర్నాడు శాఖలో మాట్లాడుకోవలసిన విషయం.