నీళ్ల బిల్లు పెంచని పూలమొక్క: ఫోర్ట్‌నైట్ లిల్లీకి పది చిట్కాలు

కాలిఫోర్నియా వేసవిలో చినుకు పడదు, నీళ్ల బిల్లు చూస్తే పూలమొక్కలే వద్దనిపిస్తుంది. అయినా మా శాన్‌హోసే ఇంటి ముందు ఏళ్ల తరబడి పూస్తున్న మొక్క ఈ ఫోర్ట్‌నైట్ లిల్లీ. పుట్టిల్లు దక్షిణాఫ్రికా, తెల్లటి రేకులు, మధ్యలో పసుపు మచ్చ, ఊదా రంగు మెరుపు. నర్సరీలో ‘డైటీస్’ అని అడిగినా ఇస్తారు.

1. అక్టోబరు, నవంబరుల్లో నాటండి. చలికాలం వానలకే వేళ్లు దిగిపోతాయి, మీకు నీళ్లు పట్టే పని తగ్గుతుంది.

2. కొనేటప్పుడు పిలకలు ఎక్కువున్న కుండీ ఏరుకోండి. వేళ్లతో సహా విడదీసి నాటితే ఒక మొక్క డబ్బుకి రెండు మూడు మొక్కలొస్తాయి.

3. కనీసం సగం పూటైనా ఎండ తగిలే చోటు చూడండి. మరీ నీడైతే ఆకులే తప్ప పూలు రావు.

4. మొక్కకీ మొక్కకీ మూడడుగుల ఎడం వదలండి. దుబ్బులు పెరిగి నేలను కప్పేస్తే కలుపు తీసే బాధ ఉండదు.

5. మా పెరట్లోలాగా బంకమట్టి ఉంటే కాస్త మట్టి ఎగదోసి గట్టు మీద నాటండి. నీళ్లు నిలవవు, దుంప కుళ్లదు.

6. మొదటి ఏడాది వేసవిలో వారానికోసారి, తర్వాత రెండు మూడు వారాలకోసారి నిదానంగా, లోతుగా తడపండి. రోజూ కాసిని చల్లితే వేళ్లు పైపైనే ఉండి ఎండకు తట్టుకోలేవు.

7. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు బకెట్లో పట్టి దీనికే పోయండి. ఉప్పు, సబ్బు తగలని నీళ్లైతే చాలు, రూపాయి ఖర్చుండదు.

8. పువ్వు ఒక్కరోజే ఉంటుంది కాబట్టి పొద్దున్నే పూజకు తుంచుకోండి. కాడ మాత్రం కత్తిరించకండి. పక్షానికోసారి విడతలుగా అదే కాడకు మళ్లీ మొగ్గలొస్తాయి.

9. కాయలు పచ్చిగా ఉండగానే గిల్లేయండి. మొక్క బలం పూలకు పోతుంది, గింజలు రాలి ఎక్కడపడితే అక్కడ మొలవవు.

10. ఎండిన ఆకుల్ని కత్తెరతో పైపైన కొయ్యకుండా మొదట్లో పట్టుకుని లాగేయండి. దుబ్బు చక్కగా కనిపిస్తుంది, ఐదు నిమిషాల్లో పని అయిపోతుంది.

దుబ్బు మరీ ముదిరి పూలు తగ్గితే చలికాలం ముందు తవ్వి, పాత రంపంతో కోసి పంచిపెట్టండి. మా దుబ్బు ఈసారి విడదీస్తున్నాను, పిలకలు కావాలంటే సంచీ తెచ్చుకోండి!