చెప్పు కరిచిన మడమను తేలికగా తీసుకోవద్దు

కొత్త చెప్పులు కరవడం అందరికీ తెలిసినదే. మడమ వెనుక చర్మం ఒరుసుకుని మండుతుంది. వెంటనే చెప్పులు విడిచేస్తాం, కొద్ది రోజుల్లో మానిపోతుంది. కాని చాలాకాలంగా షుగరు వ్యాధి ఉన్నవారిలో కాలి నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గిపోవచ్చు. అప్పుడు ఆ మంట వారికి తెలియదు. బిగుతు బూటుతోనే సాయంత్రం వరకు తిరుగుతారు. బొబ్బ చితికి పుండు అవుతుంది. కాలికి రక్తప్రసరణ కూడా తగ్గి ఉంటే పుండు త్వరగా మానదు. చీము ఎముక వరకు పోతే కాలు తీసివేయవలసి రావచ్చు.

1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, కుష్ఠు రోగులలో ఇదే గమనించారు. వారి వేళ్ళు పాడవడానికి ముఖ్య కారణం నొప్పి తెలియక తగిలిన గాయాలే. నొప్పి మన శరీరానికి కాపలాదారు. ఆ కాపలా లేని కాలికి ఇంట్లోవారి కళ్ళే కాపలా.

స్పర్శ ఉన్నదా?
రోగిని కళ్ళు మూసుకోమనండి. రెండు కాళ్ళ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొనలను మీ చూపుడువేలితో తేలికగా తాకండి, నొక్కవద్దు. ఆరింటిలో రెండు లేక అంతకన్నా ఎక్కువ తెలియకపోతే స్పర్శ తగ్గినట్లే. డాక్టరుకు చెప్పండి.

మీరు చేయవలసినవి
1. ప్రతి రాత్రి మడమలు, అరికాళ్ళు, వేళ్ళ సందులు వెలుతురులో చూడండి.
2. చెప్పులు సాయంత్రం కొనండి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. పొడవైన వేలి ముందు 1 సెం.మీ. ఖాళీ ఉండాలి. మడమ జారకూడదు, ఒరుసుకోకూడదు.
3. కొత్తవి మొదట గంటసేపే వేయించి, విప్పి చూడండి. ఎర్రగా కందితే అవి పనికిరావు.
4. బూట్లు వేసుకునే ముందు లోపల చేయి పెట్టి రాళ్ళు, మేకులు ఉన్నాయేమో తడమండి.

బొబ్బ కనిపిస్తే
చిదమవద్దు. పసుపు, సున్నం, కాఫీపొడి పెట్టవద్దు. వేడినీళ్ళలో కాలు ముంచవద్దు. శుభ్రమైన నీటితో కడిగి, శుభ్రమైన గాజుగుడ్డ కప్పి, ఆ చెప్పులు మాన్పించండి. ఆ కాలిమీద నడవనివ్వకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి. వాపు, చీము, దుర్వాసన, నలుపు, జ్వరం ఉంటే రాత్రయినా ఆగవద్దు.

“నొప్పి లేదులే, రేపు చూద్దాం” అని మీ నాన్నగారో అత్తగారో అంటే ఆ మాట నమ్మి ఊరుకోకండి. నొప్పి లేకపోవడమే ఇక్కడ ప్రమాదం. ఈ రాత్రే వారి మడమలు చూడండి.