ఏ చదువు చదువవలెను?

శ్రీకాకుళము జిల్లాలో ఇచ్ఛాపురము, కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మొదలగు మండలములతో కూడిన సముద్రతీరపు సీమకు ఉద్దానమని పేరు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో ఎల్లప్పుడు పచ్చగా నుండుటచే ‘ఉద్యానము’ అను మాటయే ఉద్దానముగా మారినదని పెద్దలు చెప్పుదురు. ఇచ్చటి జీడిపిక్కలు పలాస-కాశీబుగ్గ కర్మాగారములలో పప్పుగా మారి దూరప్రాంతములకు పోవును. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి, ఏండ్ల తరబడి పెంచిన చెట్లను కొన్ని గంటలలో నేలగూల్చెను. తోటను నమ్ముకొని బ్రదుకు కుటుంబమునకు అట్టి దినమున పిల్లల చదువే మిగిలిన ఆస్తిగా తోచును.

అందుచేతనే పదవ తరగతి ముగియగానే ఇంట ఒక ప్రశ్న పుట్టును. తరువాత చదువవలసినది గణితమా, జీవశాస్త్రమా, వాణిజ్యశాస్త్రమా, చరిత్రయా? “ముందుగా ఏ ఉద్యోగము చేయుదువో చెప్పుము. దానికి తగిన చదువును చూతము” అని పెద్దలందురు. పదునైదేండ్ల ప్రాయమున చాలమందికి ఆ ప్రశ్నకు జవాబు తోచదు. తోచకపోవుట తప్పు కాదు. చేయబోవు పని తెలియకున్నను, చదువును వివేకముతో ఎంచుకొనవచ్చును. ఇందుకు దృష్టాంతములు ఉత్తరాంధ్రమునందే కలవు.

గిడుగు వేంకట రామమూర్తిగారు 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగమునకు సమీపమున గల పర్వతాలపేటలో జన్మించిరి. చిన్నతనముననే తండ్రి మరణించుటచే, మెట్రిక్యులేషను ముగిసిన పిమ్మట 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా చేరిరి. టెక్కలి మీదుగా రైలులో పోదగిన ఆ పట్టణము నేడు ఒడిశా రాష్ట్రమున నున్నది. ఉద్యోగము చేయుచునే వారు చరిత్రను ప్రధానవిషయముగా చదివి బి.ఏ. పట్టము పొందిరి. ముఖలింగ దేవాలయపు శాసనముల లిపిని స్వయముగా అభ్యసించిరి. చుట్టుపట్ల కొండలలో నివసించు సవరల భాష వారి మనస్సు నాకర్షించెను. దానిని బోధించు కళాశాల ఆనాడు లేదు. తెలుగు తెలిసిన ఒక సవరను తమ యింటనే యుంచుకొని, వారు ఆ భాష నేర్చిరి; సవరపిల్లల కొరకు పుస్తకములు వ్రాసిరి, బడులు పెట్టించిరి. 1931లో వారి సవరభాషా వ్యాకరణము వెలువడెను. చరిత్ర చదివినవారు భాషాశాస్త్రజ్ఞులైరి. అయినను చరిత్ర వ్యర్థము కాలేదు. శాసనములను చదువుటకు కావలసిన ఓపికయు, సూక్ష్మదృష్టియు భాషాపరిశోధనకును కావలసినవే.

తరువాతి కాలమున విశాఖపట్టణములో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు గణితము చదివిన సి. ఆర్. రావుగారి చరిత్రయు ఇట్టిదే. యం.ఏ. ముగిసిన పిదప వారు ఒక ఉద్యోగమును కోరి కలకత్తాకు పోయిరి. ఆ ఉద్యోగము లభింపలేదు. కాని ఆ ప్రయాణమున భారత గణాంకశాస్త్ర సంస్థను చూచుట తటస్థించి, 1941లో అందు చేరిరి. కలకత్తా విశ్వవిద్యాలయము గణాంకశాస్త్రమున యం.ఏ. తరగతిని ప్రారంభించినది ఆ సంవత్సరముననే. వారు గణితము నెంచుకొన్న నాడు, ముందు తమకు కీర్తి తేబోవు శాస్త్రమునకు దేశమున అట్టి తరగతియే లేదు. ఆ శాస్త్రమునందు వారు చేసిన కృషికి 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర పురస్కారము లభించెను. ఆ యేటనే వారు పరమపదించిరి.

అయినను అన్నియు తమంత తామే సమకూడునని ఊరకుండరాదు. కొన్ని చదువులకు ముందునుండియే సిద్ధము కావలెను. వైద్యవిద్యకు జీవశాస్త్రమును, ఇంజనీరింగునకు గణితమును ఇంటర్మీడియేటు నాటికే చదివియుండుట సాధారణముగా అవసరము. న్యాయశాస్త్రమును మాత్రము ఏ డిగ్రీ పొందిన పిమ్మటనైనను చదువవచ్చును. సివిల్ సర్వీసుల పరీక్షకు ఏ డిగ్రీయైనను చాలును. కనుక నిశ్చయము లేని విద్యార్థి, ఒక చదువును విడుచునపుడు ఏయే దారులు మూసికొనిపోవునో, ఏవి నిలిచియుండునో ముందుగా విచారించి తెలిసికొనవలెను.

ఒక శాస్త్రమునకు ఒకే వృత్తి యను భ్రమయు వలదు. ఉద్దానమును అనేక సంవత్సరములుగా మూత్రపిండముల వ్యాధి పీడించుచున్నది. దీనికి ఇదియే కారణమని శాస్త్రజ్ఞులందరు అంగీకరించిన నిర్ణయము ఇంకను లేదు. పలాసలో 2023 డిసెంబరున పరిశోధనా కేంద్రమును, 200 పడకల ఆసుపత్రియు ప్రారంభమయ్యెను. హిరమండలము జలాశయమునుండి వంశధార నీటిని గొట్టముల ద్వారా గ్రామములకు తెచ్చు పథకము అమలైనది. రోగికి వైద్యుడు చికిత్స చేయును. రసాయనశాస్త్రజ్ఞుడు నీటిని పరీక్షించును. భూగర్భశాస్త్రజ్ఞుడు ఆ నీరు ఊరు రాళ్లను పరిశీలించును. ఏ గ్రామమున ఎందరికి వ్యాధి సోకినదో గణాంకశాస్త్రజ్ఞుడు లెక్కించును. ఇంజనీరు గొట్టములు వేయించును. రోగి కుటుంబమునకు కలుగు నష్టమును అర్థశాస్త్రజ్ఞుడు అంచనా వేయును. ఒక్క సీమలోని ఒక్క కష్టమును తీర్చుటకు ఇన్ని చదువులు కావలెను. అందు ఏ యొక్కటియు హీనము కాదు.

కావున ఏమి చదువవలెనో తోచని విద్యార్థి తనను తాను మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఎవరును చెప్పకయే తాను తెరచు పుస్తకమేది? కష్టమైన లెక్క గాని, పాఠము గాని వచ్చినపుడు విసుగు చెందక తాను మరల ప్రయత్నించు విషయమేది? ఇంటి స్థితికి లోబడి తాను చదువగలిగినదేది? ఆయా వృత్తులలో నున్న వారిని కలిసికొని, వారి దినచర్యను అడిగి తెలిసికొనుట మంచిది. స్నేహితుడు చేరినాడని చేరుటయు, బంధువులు మెచ్చుకొందురని చేరుటయు మంచిది కాదు. ఈ విచారణ చేసి ఎంచుకొన్న విద్యను శ్రద్ధతో అభ్యసించినచో, ముందు వృత్తి మారినను ఆ శ్రమ వృథా పోదు.