కొండదారిలో పెద్దల నడత

వ్యక్తిత్వ వికాసం మీద తెలుగులో వస్తున్న పుస్తకాలు చాలావరకు విద్యార్థులనూ ఉద్యోగార్థులనూ దృష్టిలో పెట్టుకొని రాసినవి కావడం వల్ల, ఐదారేళ్ల పిల్లలున్న ఇంట్లో స్వీయ నియంత్రణ, అంటే మనసుకు తోచిన పనిని తోచిన వెంటనే చేయకుండా నిగ్రహించుకోగల శక్తి, ఎలా ఏర్పడుతుందన్న ప్రశ్నకు వాటిలో చోటు తక్కువ. ఇల్లూ బడీ ఈ శక్తిని ఆజ్ఞలతో అలవరచాలని చూస్తాయి గాని, ఆజ్ఞాపించే పెద్దలు ఆ ఆజ్ఞకు లోబడి ఉండరు. ఫోను చూడవద్దని చెప్పే తండ్రి చేతిలోనే ఫోను ఉంటుంది. చిన్నా పెద్దా అందరికీ ఒకే నియమం వర్తించే సందర్భాలు నిత్యజీవితంలో అరుదు. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల కుటుంబాలు పొద్దున బయలుదేరి సాయంత్రానికి తిరిగివచ్చే నల్లమల ప్రయాణం అలాంటి వాటిలో ఒకటి.

కృష్ణానదికి ఇరువైపులా విస్తరించిన ఈ అడవి 1978లో అభయారణ్యంగానూ, 1983లో పులుల సంరక్షణ ప్రాంతంగానూ గుర్తింపు పొందింది. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే ఘాట్ రోడ్డు మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాలను వదలకపోవడానికి వన్యప్రాణుల రక్షణే కారణం. చీకటితోనే లేచి, ఆరు కాకముందే దోర్నాల గేటు చేరిన కుటుంబంలో తర్వాతి అరగంట ఎలా గడుస్తుందన్నది గమనించదగిన విషయం. కారు దిగిన తండ్రి సిబ్బందితో మొదట నెమ్మదిగా, ఆపై గొంతు పెంచి మాట్లాడి, చివరికి తెలిసిన నాయకుడెవరికో ఫోను కలిపితే, వెనక సీటులో నిద్రకళ్లతో కూర్చున్న పిల్లలకు నియమమంటే బతిమాలితేనో బెదిరిస్తేనో వంగేదన్న సంగతి బోధపడుతుంది. బండిని పక్కకు తీసి, పిల్లలకు పాలు, తమకు టీ తెప్పించుకొని ఆరు కొట్టేదాకా ఆగిన తండ్రి వేరే ఉపదేశం చేయనక్కరలేదు. పలుకుబడిని ప్రతిష్ఠగా భావించే సమాజంలో ఇది చూడటానికి చిన్న పనే గాని, చేయడానికి చిన్నది కాదు.

ఎవరూ చెప్పకపోయినా ఇతరుల చేష్టలను చూసి నేర్చుకోవడాన్ని మనోవిజ్ఞానశాస్త్రం పరిశీలనాభ్యసనం అంటుంది. 1961లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ బండూరా, ఆయన సహచరులు జరిపిన ప్రయోగంలో, గాలిబొమ్మను కొడుతున్న పెద్దవారిని చూసిన చిన్నపిల్లలు, అలాంటిది చూడని పిల్లల కంటే ఎక్కువగా ఆ బొమ్మను అదే తీరున కొట్టారు. ప్రయోగశాలలో కొద్దిసేపు కనిపించిన ప్రవర్తన నుంచి జీవితకాలపు గుణాలను ఊహించడం అతి అవుతుంది గాని, ఘాట్ రోడ్డు పక్కన కోతులు కనబడగానే కారులో జరిగే తతంగానికి ఈ పరిశీలన సరిగ్గా సరిపోతుంది. కోతులకు తిండి పెట్టరాదన్న బోర్డును రెండో తరగతి పిల్ల కూడబలుక్కొని చదువుతుంది, తల్లి మెచ్చుకుంటుంది, ఆ మెప్పు పూర్తికాకముందే తండ్రి అద్దం దించి బిస్కెట్టు చాపుతాడు. చదవడం ఒకటి, పాటించడం మరొకటి అని ఆ పిల్లకు తెలిసేది అప్పుడే.

గిద్దలూరు, కంభం వైపు వారికి శ్రీశైలం కంటే నెమలిగుండం దగ్గర. రాచర్ల మండలంలో జె.పి. చెరువు దాటి అడవిలో ఉన్న ఈ రంగనాయకస్వామి ఆలయానికి శనివారాల్లో జనం వెళ్లి, పొద్దు వాలకముందే అడవి దాటి వస్తారు. గుండ్లబ్రహ్మేశ్వరం దగ్గర నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ ఇక్కడ బండల మీదుగా గుండంలోకి దూకుతుంది. ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టడమూ, ఫ్లోరైడుకు భయపడి క్యాను నీళ్లు కొనడమూ చూస్తూ పెరిగిన మార్కాపురం, గిద్దలూరు వైపు పిల్లలకు కొలతలేని నీరు అపురూపం కనుక, అందులోంచి బయటికి రమ్మనడం పెద్దలకు అసలైన పరీక్ష.

దానికి ముందు బండల సంగతి ఉంది. పిల్ల ఒంటరిగా చేయలేని పనిలో కావలసినంత సాయమే చేసి, నేర్పు వచ్చేకొద్దీ ఆ సాయాన్ని తగ్గించుకుంటూ పోవడాన్ని వుడ్, బ్రూనర్, రాస్ అనే పరిశోధకులు 1976లో ఊత అన్న భావనతో వివరించారు. బండలెక్కే పిల్లకు మొదట చేయి, తర్వాత ఒక్క వేలు, ఆపై చేయి తీసేసి ఒక మెట్టు కింద నిలబడిన పెద్దమనిషి తోడు, ఈ వరుసలో అందేది అదే. ఎత్తుకొని దాటించే తల్లిదండ్రులు దారి తొందరగా ముగిస్తారు, పిల్లకు కాలు ఎక్కడ ఆనించాలో మాత్రం తెలియదు. అయితే గుండం అంచున, నాచుపట్టిన చోట, ఈ సిద్ధాంతాన్ని పక్కనబెట్టి మణికట్టు గట్టిగా పట్టుకోవలసిందే.

ఇక బయటికి పిలవడం. ఐదేళ్ల పిల్లకు పది నిమిషాలంటే ఎంతో తెలియదు గాని, ఇంకో ఐదు మునకలంటే తెలుస్తుంది. లెక్క పిల్లచేతే పెట్టిస్తే ఐదో మునక తర్వాత ఏడుపు వచ్చినా అది మోసపోయిన ఏడుపు కాదు. “నాయనా, ఇంకొక్కసారి” అన్నప్పుడు ఆరో మునకకు ఒప్పుకున్న తండ్రి ఏడో మునకకు కోప్పడే హక్కును పోగొట్టుకుంటాడు. చీకటి పడితే అడవిలో ఉండకూడదన్న నియమం నాయనకూ వర్తిస్తుందని చెప్పడం, చెప్పి ముందుగా తానే ఒడ్డెక్కడం, అరుపుల కంటే బాగా పనిచేస్తాయి. పులిహోర తిన్న విస్తళ్లనూ ఖాళీ సీసాలనూ తిరిగి సంచిలో వేసే పని పిల్లలకు మాత్రమే అప్పగించే ఇళ్లు ఉన్నాయి. అది శిక్షణ కాదు, చాకిరీ.

కంభం మీదుగా తిరిగివచ్చేవారికి అదే గుండ్లకమ్మ రెండు కొండల నడుమ 57 అడుగుల ఎత్తు కట్ట వెనక చెరువుగా కనిపిస్తుంది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. పిల్లలు నిద్రపోతుంటే లేపి చూపించవలసినంత తొందరేమీ లేదు.

నెమలిగుండం శనివారమే కావడం, ఆ రోజు చాలా బడులకు పనిదినం కావడం వల్ల, ప్రయాణంలో చివరి ఘట్టం సోమవారం ఉదయానికి మిగులుతుంది. సెలవు చీటీలో జ్వరమని రాయడం తరతరాల ఆచారం. రాసేది తల్లి లేదా తండ్రి. పట్టుకెళ్లి టీచరు చేతికిచ్చి, ఎలా ఉందమ్మా ఇప్పుడు అన్న ప్రశ్నకు జవాబు చెప్పవలసింది మాత్రం శనివారమంతా గుండంలో మునిగిన పిల్ల.