కమాన్ లేపితే ఆర్సీలో బరువు పెరగదు

ప్రశ్న: మాది పుంగనూరు దగ్గర పల్లె. సొంత పికప్‌లో మదనపల్లె మార్కెట్‌కు టమాటా తోలుతుంటాను. పొలం బాటల్లో బండి అడుగు రాళ్లకు తగులుతోంది. కమాన్‌లో అదనపు పట్టీ వేయించి, పెద్ద టైర్లు ఎక్కిస్తే కేసవుతుందా? కుప్పం వైపు చాలా బండ్లు అలాగే తిరుగుతున్నాయి సార్.

జవాబు: అవుతుంది. తిరుగుతున్న బండ్లు ఇంకా పట్టుబడలేదంతే.

కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే మాట గట్టిగా చెప్పింది. సరకు బండి రిజిస్ట్రేషన్‌కు వాడే ఫారం 23లో టైర్ల సంఖ్య, సైజు, ప్లై రేటింగ్‌కు గడులున్నాయి. అందువల్ల ‘టైరే కదా’ అనే వాదన సొంత కారు విషయంలో కొంత చెల్లినా మీ పికప్‌కు చెల్లదు. 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. శిక్ష ఓనరుకే. టైర్లు అమ్మిన షాపువాడు మీతో కోర్టుకు రాడు.

నన్నడిగితే అసలు చిక్కు బరువు దగ్గరుంది. పట్టీ వేయించేది రాళ్ల కోసమే అంటారు గానీ, సీజన్ రాగానే ఇంకో వరస క్రేట్లు ఎక్కుతాయి. 1,500 కిలోలు మోసే బండికి 25 కిలోల క్రేట్లు 60 సరిపోతాయి. 90 వేస్తే 750 కిలోలు ఎక్కువ. కమాన్ ఎంత బలిసినా తనిఖీలో చూసేది ఆర్సీలోని అంకెనే. 194వ సెక్షన్ ప్రకారం 20,000 జరిమానా, పైన అదనపు టన్నుకు 2,000, ఎక్కువైన సరకు దింపే ఖర్చూ మీదే. పైగా బండి ఎత్తయ్యాక మొగిలి ఘాట్ మలుపుల్లో ఎటు వాలుతుందో మీకే బాగా తెలుసు. టైరు చుట్టుకొలత పదో వంతు పెరిగితే మీటరు 80 చూపేటప్పుడు బండి 88లో ఉంటుంది.

కుప్పం దాటి కృష్ణగిరికి పోయినా, కేజీఎఫ్‌కు పోయినా ఇది కేంద్ర చట్టమే. ఎఫ్‌సీ రోజున పాత టైర్లు బిగించి బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు చూపించే తెలివి ప్రమాదం జరిగిన రోజున పనిచేయదు. ఆ రోజు బీమా సర్వేయర్ తీసేది రోడ్డు మీద ఉన్న బండి ఫొటోలే.

అలాగని మార్పు కనిపించగానే బీమా కంపెనీ క్లెయిము కొట్టేస్తే నోరు మూసుకోనక్కర్లేదు. ప్రమాదానికీ మార్పుకూ సంబంధం లేదని వాదించే హక్కు మీకుంది. తిరస్కరణ లేఖను రాతపూర్వకంగా అడగండి. హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోగా, లేదా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోగా ఫిర్యాదు చేయవచ్చు. రోడ్డు మీద పోలీసులు లైసెన్సు తీసుకుంటే తాత్కాలిక రసీదు ఇవ్వాలి. చలానా తప్పనిపిస్తే కోర్టులో తేల్చుకోవచ్చు. వకీలు ఖర్చు భరించలేనివారు న్యాయసేవల నంబరు 15100కు ఫోన్ చేయండి.

మరి రాళ్ల సంగతి? మీ మోడల్‌కే కంపెనీ ఇంకో టైరు సైజు ఆమోదించిందేమో బండితో వచ్చిన పుస్తకంలో చూడండి. ఉంటే దాన్ని ఆర్సీలో ఎలా చేర్చాలో ఆర్టీవో ఆఫీసులో అర్జీ పెట్టి, రాతలో జవాబు తీసుకోండి. ఆ కాగితం చేతికొచ్చేదాకా టైర్ల షాపులో అడ్వాన్సు కట్టొద్దు.