మాక్రోలయందు క్వెరీలను పేరు పెట్టి పిలుచుట

లెక్కల పట్టికలకు నేడు విరివిగా వాడబడుచున్న ఎక్సెల్ నందు, వెలుపలి ఫైళ్లనుండి సమాచారమును రప్పించి, చక్కదిద్ది, పట్టికగా నిలుపు ఆజ్ఞల వరుసకు క్వెరీ యని పేరు. పదేపదే చేయవలసిన పనులను యంత్రముచే చేయించు వ్రాతకు మాక్రో యని పేరు. మాక్రోలు వ్రాయుటకు తగిన విజువల్ బేసిక్ భాష 1993లో ఎక్సెల్ నందు చేర్చబడెను. క్వెరీలను నిర్మించు పవర్ క్వెరీ 2016 ప్రతినుండి అందు అంతర్భాగమయ్యెను. మాక్రో క్వెరీని ఎట్లు పిలువవలయునో యిచ్చట విచారింతము.

మన సీమ నిదర్శనమునే గైకొందము. ఒక పుస్తకమున మిర్చి ధరలకొకటి, పత్తి ధరలకొకటి, రెండు క్వెరీలు కలవనుకొందము. మాక్రోలో కనెక్షన్స్(1).రిఫ్రెష్ అని వ్రాసినచో, వరుసలో మొదటిదానికి మాత్రమే తాజా సమాచారము వచ్చును. తరువాత పసుపు ధరల క్వెరీ చేర్చిన యెడల, మొదటి స్థానమున ఏది యుండునో రూఢిగా చెప్పజాలము. యంత్రము తప్పు చూపదు. వేఱొకదానిని తాజాపఱచి ఊరకుండును. మిర్చి పట్టికలో నిన్నటి ధరయే నిలుచును. దానిని నేటి ధరగా నమ్మి గుంటూరు యార్డునకు టిక్కీలు తోలుకొనిపోయిన రైతు నష్టమునకు ఎవరు ఉత్తరవాదులు? కావున సంఖ్యతో గాక, కనెక్షన్స్("క్వెరీ - మిర్చి").రిఫ్రెష్ అని పేరుతోనే పిలువవలయును. ఈ మాటలన్నియు యంత్రమున ఇంగ్లీషు లిపిలో వ్రాయదగినవి.

ఇందు గమనింపవలసిన విషయములు మూడు.

మొదటిది: మనము పెట్టిన పేరు మిర్చి మాత్రమే యైనను, ఇంగ్లీషు ఎక్సెల్ నందు దాని కనెక్షను పేరునకు ముందు క్వెరీ యను మాట, ఒక ఖాళీ, ఒక అడ్డగీత, మఱియొక ఖాళీ చేరును. ఒక ఖాళీ తప్పినను 9వ సంఖ్య గల దోషము కనబడి పని నిలిచిపోవును.

రెండవది: పేరులు మాఱుచుండును. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ప్రకాశము జిల్లా యని పేరు పెట్టిరి. ఒంగోలు అను క్వెరీకి ప్రకాశము అని పేరు మార్చినచో, మాక్రోలోని పాతపేరు తనంతట మాఱదు, పని ఆగిపోవును. ఇట్లు ఆగుట మేలే. తప్పు లెక్క నిశ్శబ్దముగా సాగుటకంటె, నిలిచి చెప్పుట నయము. పేరును మాక్రో మొదట ఒక్కచోటనే స్థిరాంకముగా వ్రాసికొన్నచో, దిద్దుట సులభము.

మూడవది తెలుగువారికి ముఖ్యము. క్వెరీకి తెలుగు లిపిలో పేరు పెట్టవచ్చును. కాని విజువల్ బేసిక్ వ్రాయు కిటికీలో తెలుగక్షరములు సాధారణముగా ప్రశ్నార్థకములై పోవును. పట్టిక గదులకు ఈ లోపము లేదు. కావున తెలుగు పేరును ఒక గదిలో వ్రాసి, మాక్రో ఆ గదిని చదివి, "క్వెరీ - " అను మాటకు జతచేసికొనునట్లు చేయవలయును. మన భాషలో పేరు పెట్టుట మానుకొననక్కఱ లేదు.

విద్యార్థులారా! కాపరి గొఱ్ఱెలనెట్లు పిలుచునో యోహాను సువార్త 10వ అధ్యాయమున చదివియున్నారు. లెక్కలయందును ఆ పద్ధతియే క్షేమకరము. రెండు క్వెరీలు చేసి, ఒకదాని పేరు మార్చి, మాక్రోను నడిపి, 9వ దోషమును స్వయముగా చూచి దిద్దుడు. చేతితో చేసిన పాఠము చిరకాలము నిలుచును.